కమాన్ ప్లేటు ఎక్కించడం ఆపి, షాకులు మార్చండి

పోయిన నాట్ల కాలంలో ఒక తెల్లవారుజామున బీరకాయ క్రేట్లతో కోయంబేడు బయల్దేరాను. తడ సెంటరు దాటకముందే సర్వీసు రోడ్డు మీద బర్రె అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను, బ్రేకు బాగానే పట్టింది. కానీ బండి ముక్కు నేలకు వంగిపోయింది, వెనక చక్రాలు రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడ్డాయి, వెనక భాగం పక్కకు జరిగింది. మార్జిన్ దిగి తుమ్మచెట్ల దగ్గర ఆగాను. బర్రెకూ ఏం కాలేదు, నాకూ ఏం కాలేదు. కాసేపు స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ముందురోజు అదే వేళకు అదే బండి వెనక పధ్నాలుగు మంది నాట్ల ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

వాళ్లలో పెద్దామె ఒకామె వారం ముందే చెప్పింది. 'నాయనా, నీ బండెక్కితే నడుం పట్టేస్తోంది, మడిలో వంగలేకపోతున్నాం' అని. రోడ్డు అట్లుంటే నేనేం చేసేదమ్మా అన్నాను. రోడ్డు బాగాలేని మాట నిజమే. అయితే మెకానిక్ బండి కింద దూరి చూస్తే తేలిన నిజం వేరే ఉంది. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ ఆయిలు కారి, దాని మీద దుమ్ము పట్టి నల్లగా ముద్దకట్టి ఉన్నాయి. ఒకదానికి కింది బుష్ అనేదే లేదు, ఇనుము ఇనుముతో రాసుకుంటోంది. ఎన్నాళ్లనుంచి అట్లా తిరుగుతున్నానో నాకే తెలియదు. తెలిసిందల్లా ఒకటే, అంతకు ముందు ఏడాది వెనక కమాన్ కట్టలకు చెరొక ప్లేటు అదనంగా ఎక్కించాను, దానికి డబ్బు దొరికింది. షాకులు మార్చడానికి మాత్రం 'వచ్చే పంటకు చూద్దాంలే' అనుకున్నాను.

మద్దతు ధర గురించి, కాలవ నీళ్ల గురించి రాయాల్సిన పత్రికలో షాక్ అబ్జార్బర్ గోల ఏంది అని సంఘంలో ఒకరిద్దరు అడిగారు. నా జవాబు ఇది. మన మండలంలో ఎద్దుబండి పోయింది, ట్రాక్టరు అందరికీ లేదు. పంట గట్టు మీదనుంచి మార్కెట్టుకు పోయేది పాత పికప్‌లోనే. రొయ్యల మేత వచ్చేది దాంట్లోనే, ఎరువు వచ్చేది దాంట్లోనే, చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, కూలీలు వచ్చేదీ దాంట్లోనే. అట్లాంటి బండి గురించి మనం మాట్లాడుకునేది డీజిలు ధర పెరిగినప్పుడో, ఫైన్ పడినప్పుడో మాత్రమే. అడుగున ఏముందో వంగి చూసేవాళ్లు తక్కువ.

ముందు బరువు సంగతి తేల్చుకుందాం. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. జిల్లా 2022 ఏప్రిల్‌లో మారి తిరుపతిలో కలిసినా మనం లెక్క మాత్రం పుట్లలోనే వేసుకుంటున్నాం. ఒకటింబావు టన్ను పికప్ మీద రెండు పుట్ల వడ్లు ఎక్కిస్తే 1700 కిలోలు, అంటే 450 కిలోలు ఎక్కువ. 2005లో వచ్చిన టాటా ఏస్ రకం చిన్న బండి ముప్పాతిక టన్నుది. దానికి ఒక్క పుట్టి ఎక్కించినా హద్దు దాటినట్టే. 'కంపెనీ వాడు తక్కువ చెప్తాడులే, బండి మోస్తుంది' అనే మాట మనందరం అన్నదే. బండి మోస్తుంది, నిజమే. బ్రేకు వేసినప్పుడు ఆగుతుందా అనేది వేరే ప్రశ్న. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000 రూపాయలు జరిమానా. ఒక్కసారి పట్టుబడితే పోయే ఆ సొమ్ముతో బండికి నాలుగు మంచి షాకులూ వేసుకుని ఇంకా మిగుల్చుకోవచ్చు.

కమాన్ కట్ట వేరు, షాక్ వేరు. మనలో చాలామంది ఈ రెంటినీ ఒకటిగా చూస్తాం, అక్కడే మోసపోతాం. బరువు మోసేది కమాన్ కట్ట. షాక్ బరువు మోయదు. గొట్టంలో ఆయిలు ఉంటుంది, ఆ ఆయిల్లో సన్న రంధ్రాలున్న పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. గుంతలో పడిన చక్రం కమాన్‌ను వంచుతుంది, వంగిన కమాన్ తిరిగి ఎగురుతుంది, మళ్లీ వంగుతుంది. ఆ ఊపును ఆయిలు అడ్డుకుని వేడిగా మార్చేస్తుంది. దూరం పోయొచ్చిన బండి షాక్‌ను ముట్టుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. షాక్ చచ్చిపోతే ఆ ఊపు ఆగదు, చక్రం రోడ్డును వదిలి వదిలి తాకుతుంది. చక్రం గాల్లో ఉన్నంతసేపు ఎంత మంచి బ్రేకు వేసినా దండగే. బర్రె దగ్గర నాకు జరిగింది అదే.

ఇప్పుడు ప్లేటు సంగతి. బండి వెనక కూలబడుతోంది అనగానే మనం చేసే మొదటి పని ఒక ప్లేటు ఎక్కించడం. దాంతో బండి ఎత్తు పెరుగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు వెనక బిర్రబిగుసుకుపోతుంది. కమాన్ ఎంత గట్టిదైతే అది తిరిగి ఎగిరే బలం అంత ఎక్కువ, దాన్ని ఆపే పని షాక్ మీద అంత ఎక్కువ పడుతుంది. పైగా బండి ఎత్తు పెరిగినందువల్ల మామూలు పొడవున్న షాక్ సగం సాగిపోయిన స్థితిలోనే వేలాడుతుంటుంది. పెద్ద గుంతలో చక్రం కిందికి జారినప్పుడు షాక్ చివరికంటా సాగి టక్కుమని తగులుకుంటుంది. అట్లా పదే పదే తగిలితే సీలు పగిలి ఆయిలు కారుతుంది, లేదంటే కింది కన్ను ఊడుతుంది. 'కొత్త షాకులు ఆరు నెలలకే పోయాయి, కంపెనీ సరుకు కూడా ఇంతే' అని తిట్టుకునేవాళ్లు ముందు తమ బండికి ఎన్ని ప్లేట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి. నేను నా రెండు అదనపు ప్లేట్లూ తీయించేశాను. ట్రిప్పుకు క్రేట్లు తగ్గాయి, ఆ మాట దాచను. కానీ మచ్చ సరుకు కూడా తగ్గింది.

ఈ మచ్చ సరుకు గురించి కాయగూరలు పండించేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బీరకాయ గీరుకుంటే అంచులు నల్లబడతాయి. వంకాయ తోలు మీద గోధుమరంగు చారలు పడతాయి. చేలో కోసినప్పుడు నిగనిగలాడిన కాయ కోయంబేడులో దించేసరికి రెండో రకం అవుతుంది. వ్యాపారి మీద కోపం తెచ్చుకుంటాం, ఒక్కోసారి ఆ కోపం న్యాయమే కూడా. కానీ క్రేట్లలో ఏవి ఎక్కువ దెబ్బతిన్నాయో ఎప్పుడైనా చూశారా? బండి వెనక అంచున, పై వరసలో ఉన్నవి. కుదుపు ఎక్కువ ఉండేది అక్కడే. కోత బాగాలేకపోతే దెబ్బ అన్ని క్రేట్లలోనూ సమానంగా ఉండాలి కదా. కాబట్టి వెనక అంచు క్రేట్లకే మచ్చలు వస్తున్నాయంటే తప్పు కోసిన చేతులది కాదు, బండి అడుగుది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన తెగులు ఇంకొకటి ఉంది, ఉప్పు. పులికాట్ గాలి సరే, అంతకన్నా పెద్దది రొయ్యల క్రేట్లనుంచి కారే నీళ్లు. పట్టుబడి రోజు ఐసు కరిగి, గుంట నీళ్లతో కలిసి బాడీ సందుల్లోంచి చాసీ మీదికి, కమాన్ కట్టల మీదికి, షాక్ రాడ్డు మీదికి కారుతూనే ఉంటుంది. రాడ్డు అద్దంలా నున్నగా ఉన్నంతకాలమే సీలు బతికేది. దాని మీద తుప్పు చుక్క ఒక్కటి లేచినా అది ఆకురాయిలా సీలును కోసేస్తుంది. పట్టుబడి అయిన రోజే మంచినీళ్లతో బండి అడుగు కడగండి. కడిగాక డీజిలు కొట్టించే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఇనుముకు మంచిదని. ఇనుముకేమో గానీ రబ్బరు బుష్‌లకు అది విషం. డీజిలు తాగిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, రాలిపోతుంది. నా బండి బుష్ ఎట్లా మాయమైందో నాకు ఇప్పుడు అర్థమైంది.

షాకులు పోయాయని ఎట్లా తెలుసుకోవాలి? కారును మూల దగ్గర నొక్కి వదిలి చూసినట్టు పికప్‌ను చూస్తే లాభం లేదు. ఖాళీ బండి కమాన్లు మనిషి బరువుకు కదలవు. గొట్టం మీద ఆయిలు కారి దుమ్ము ముద్దకట్టిందా చూడండి. పలచటి తడి పెద్ద విషయం కాదు, ధార కట్టి ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ తిప్పండి, గుంటలు గుంటలుగా అరిగి ఉంటే చక్రం ఎగురుతోందని అర్థం. ఒక చివర విప్పి చేత్తో లాగి, నొక్కి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. సైకిలు పంపులా సులువుగా జారితే, మధ్యలో ఖాళీ తగిలితే మార్చాల్సిందే. అయితే తొందరపడి కొనేముందు యూ బోల్టులు, షాకిల్ పిన్నులు, కమాన్ బుష్‌లు, సెంటర్ బోల్టు చూపించండి. 'షాకులు కొట్టుకుంటున్నాయి' అనే చప్పుళ్లలో చాలాభాగం అక్కడినుంచి వచ్చేదే.

కొనేటప్పుడు మోడల్ పేరు చెప్తే చాలదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్మిన బండ్లలో ముందు భాగం ఒక్కో ఏడాది ఒక్కో రకం. చాసీ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయించండి. అది కుదరకపోతే పాత షాక్‌ను చేతపట్టుకుని పోండి. పూర్తిగా సాగదీసినప్పుడు కన్ను నుంచి కన్నుకు ఎంత పొడవు, పూర్తిగా నొక్కినప్పుడు ఎంత, బుష్ రంధ్రం ఎంత, పైన కన్నా లేక నట్టు బిగించే కడ్డీనా అన్నది టేపుతో కొలిచి సరిచూసుకోండి. ఎప్పుడూ జతగానే మార్చండి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే బ్రేకులో బండి ఒక పక్కకు పోతుంది. డబ్బు చాలకపోతే ఈ నెల వెనక జత, వచ్చే నెల ముందు జత వేయించండి, అంతేగాని ఒక్కొక్కటి వద్దు.

ఆయిలు షాకా, గ్యాస్ షాకా అని అడుగుతారు. గ్యాస్ షాక్‌లోనూ పనిచేసేది ఆయిలే. కొంచెం ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు, గతుకుల రోడ్డు మీద చాలాసేపు పోయినప్పుడు ఆయిలు నురగ కట్టకుండా. నురగ కడితే పిస్టన్ గాల్లో కదిలినట్టే. రోజూ గట్ల మీద తిరిగే బండికి, వారానికి రెండు మూడుసార్లు చెన్నై పోయే బండికి తక్కువ ఒత్తిడి గ్యాస్ షాక్ మేలు. వడ్ల కాలంలో మాత్రమే బయటికొచ్చే బండికి మామూలు ఆయిలు షాక్ సరిపోతుంది, డబ్బు మిగుల్చుకోండి. 'హెవీ డ్యూటీ' అని స్టిక్కరు ఉన్నంత మాత్రాన అది అర టన్ను ఎక్కువ మోయదు. మరీ గట్టి షాక్ వేస్తే ఖాళీ బండి రాయిలా కొడుతుంది, మన బండి సగం దూరం తిరిగేది ఖాళీగానే.

స్ట్రట్ అనే మాట కూడా దుకాణాల్లో వినిపిస్తుంటుంది. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాకూ కలిసి ఒకే నిలువు కడ్డీగా చక్రాన్ని పట్టి ఉంచేది. మారుతీ సూపర్ క్యారీ ముందు భాగంలో అది ఉంది. టాటా ఏస్ ముందూ వెనకా కమాన్లే కాబట్టి దానికి ఈ గొడవ లేదు. స్ట్రట్ ఉన్న బండిని మాత్రం ఊరి పనివాడి దగ్గర విప్పించొద్దు. స్ప్రింగును నొక్కిపెట్టే పరికరం లేకుండా పై నట్టు తీస్తే ఆ స్ప్రింగు ఎగిరి మనిషి ముఖం పగలగొట్టగలదు. పై బేరింగు కూడా అప్పుడే చూపించి, ఆ తర్వాత అలైన్‌మెంటు చేయించాలి.

ఇక డూప్లికేట్లు. నేను మొదట కొన్న జత అదే. పేరున్న కంపెనీ డబ్బా, అచ్చు కూడా అదే, బిల్లు మాత్రం లేదు. 'బిల్లు కావాలంటే పన్ను పడుతుంది' అన్నాడు దుకాణదారు. నేనూ సరే అన్నాను. తప్పులో నాకూ సగం వాటా ఉంది. నాలుగు నెలలకు ఒకటి కారింది. బిల్లు లేదు కాబట్టి గ్యారంటీ లేదు. అసలుకూ నకిలీకీ జతకు నేను మిగుల్చుకున్నది ఒక కోయంబేడు ట్రిప్పు డీజిలంత. కొందరు పాత షాక్‌కు రంధ్రం వేసి, ఏదో ఒక ఆయిలు పోసి, వెల్డింగు పెట్టి ఇస్తారు. పనివాడి నేర్పు మెచ్చుకోవచ్చు గానీ, వెల్డింగు వేడికి సీలు, చిక్కదనం తేడా వచ్చిన ఆయిలు, ఇవి రెండూ కలిసి ఎన్నాళ్లుంటాయి? గ్యాస్ షాక్‌కైతే రంధ్రం వేయడమే ప్రమాదం. చెన్నై పుదుపేటలో పాత సామాన్లు దొరుకుతాయి, డోరో బంపరో కొనుక్కోండి. షాక్ మాత్రం ఒకరు వాడి తీసేసింది కొనకండి, లోపల ఏం మిగిలిందో బయటికి కనపడదు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు చాలు. డబ్బాలో పడుకోబెట్టి ఉన్న షాక్‌ను బండికి ఉండే తీరులో నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి, లోపలి గాలి పైకి పోవడానికి. బుష్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేలమీద ఉన్నప్పుడే చేయాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగిపోతుంది.

'బిల్లు వద్దు' అనే చోటికి మనల్ని నెట్టేది పన్ను. షాక్ అబ్జార్బర్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. తగ్గింది, కాదనను. అదే రోజునుంచి ట్రాక్టరు మీద, ట్రాక్టరు టైర్ల మీద, దాని విడిభాగాల్లో చాలావాటి మీద 5 శాతమే. ట్రాక్టరు కొనగలిగిన రైతుకు 5, ట్రాక్టరు కొనలేక పాత పికప్‌తో నెట్టుకొచ్చే రైతుకు 18. జీఎస్టీ నమోదున్న వ్యాపారి చాలాసార్లు తను కొన్నదాని మీద కట్టిన పన్నును తన లెక్కలో తగ్గించుకోగలడు. వడ్లకూ తాజా కూరగాయలకూ పన్ను లేదు, మనకు నమోదూ లేదు, కాబట్టి మనం కట్టింది మన దగ్గరే ఆగిపోతుంది. పికప్‌ను రైతే కాదు, సిమెంటు మోసేవాడూ వాడతాడు, ఎట్లా వేరుచేస్తారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాసుపుస్తకం, బండి ఆర్‌సీ ఒకే పేరు మీద ఉన్నవాళ్లకు షాకులు, బ్రేకు లైనింగులు, టైర్లు, ఈ మూడింటి మీదైనా ఏడాదికి ఒక హద్దులో పన్ను వెనక్కివ్వమని అడగొచ్చు. ట్రాక్టరు విషయంలో కుదిరిన ఆలోచన దీనికి ఎందుకు కుదరదు? సంఘం తీర్మానాల్లో ఈ మాట ఇంతవరకూ నేను చూడలేదు.

కూలీల విషయం దాటవేయలేను. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా దగ్గర మొదట లేచే అభ్యంతరం అదే. కొత్త షాకులు వేసినంత మాత్రాన అది ఒప్పు అయిపోదు. బర్రె అడ్డం వచ్చిన రోజునుంచి నేను ఆటోలకు బాడుగ ఇస్తున్నాను, వాళ్లు కూడా కుక్కి ఎక్కిస్తున్నారు, అదీ చూస్తున్నాను. రోజుకు రెండు ట్రిప్పులు వేయమంటే ఎకరానికి ఖర్చు పెరుగుతుంది. నలుగురం ఒకే పక్క నాట్లు పెట్టుకున్నప్పుడు కలిసి ఒక మినీ బస్సు మాట్లాడుకుందామని మా ఊళ్లో ప్రయత్నం మొదలుపెట్టాం. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాడు 'ఇన్నేళ్లూ ఏం కాలేదు కదన్నా' అన్నాడు. నేనూ ఇన్నేళ్లూ అన్నమాటే అది.

వచ్చే మండల సమావేశానికి పికప్ ఉన్న సభ్యులు బండి మోడలు, ఏడాది, చాసీ నంబరు, షాకుల పొడవు ఒక కాగితం మీద రాసుకుని రండి. ఇరవై జతలు పోగైతే కంపెనీ డిస్ట్రిబ్యూటరు దగ్గర బిల్లుతో ఒకేసారి కొనొచ్చు, ధర అడిగే బలం ఉంటుంది. కాగితం రాసేముందు ఒకసారి బండి కింద దూరండి. టార్చిలైటు తీసుకుపోండి.